నరాచి లేదు.. గని ఉంది!

కేజీఎఫ్: సినిమా చూసొచ్చినోళ్లు నరాచి కోసం వెతికితే ఇక్కడ దొరకదు. అది కథలో ఊరు. 2018లో 'కేజీఎఫ్', 2022లో రెండో భాగం వచ్చాక ఈ ఊరి పేరు దేశమంతా మార్మోగింది. షూటింగ్ జరిగిన సైనైడ్ దిబ్బలు మాత్రం నిజమే. బంగారం తీశాక మిగిలిన మట్టి అది. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ల మీదికే.

సినిమా వినోదానికి ఆయుష్షు తక్కువ. అమెరికాలోని ఓర్లాండోలో యూనివర్సల్ పార్కు 'జాస్' సొరచేపతో 1990 నుంచి జనాన్ని జడిపించింది. 2012 జనవరి 2న దాన్ని మూసేశారు. 2014లో అదే చోట హ్యారీ పోటర్ వీధి వెలిసింది. హైదరాబాద్ రామోజీ ఫిలింసిటీలో 'బాహుబలి' సెట్లను చిత్రీకరణ అయ్యాక సందర్శకులకు తెరిచారు. పిల్లలు మారితే బొమ్మా మారాల్సిందే.

గని సంగతి వేరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటొచ్చింది. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతు. చిత్తూరు వైపు నుంచి, తమిళ సీమ నుంచి వచ్చిన కూలీలు తరతరాలుగా అందులోకి దిగారు. రాళ్ల దుమ్ముకు ఊపిరితిత్తులు చెడినోళ్లెందరో! 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

రేపెవరైనా ఇక్కడ సినిమా పార్కు కడితే పదేళ్లకోసారి సెట్టు మార్చాలి. గని కథ చెబితే మార్చే పనే లేదు. కాకుంటే చెప్పగలిగిన పాత కార్మికులు ఉండగానే వాళ్ల మాట రాసి పెట్టుకోవాలి.