ట్రేడింగ్ ఫ్లోర్‌పై శిక్షణ: ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ విద్యార్థి అక్కడ ఏమి నేర్చుకుంటాడు?

క్రయవిక్రయాల ధర్మం తెలియనివాడు మన బజారులో కూర్చుని అమ్మకాలు సాగించరాదని హజ్రత్ ఉమర్ (రజి) కట్టడి చేసినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉల్లేఖనం ఉంది. బజారు అంటే కేవలం సరుకు, వెల కాదనీ, అక్కడ కూర్చునేవానికి విద్య అవసరమనీ దీనివల్ల తెలుస్తోంది. అయితే ఆ విద్యను గ్రంథం చదివి నేర్చుకోవాలా, లేక బజారులోనే నిలబడి నేర్చుకోవాలా?

ఈ ప్రశ్న ఈనాడు కొత్త రూపంలో మన ముందుకు వచ్చింది. మన యువకులు, యువతులు కొందరు గణితంలో పట్టభద్రులై ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ అనే పైచదువుకు వెళుతున్నారు. ఆ చదువులో భాగంగా విశ్వవిద్యాలయాలే కృత్రిమ ట్రేడింగ్ ఫ్లోర్లు ఏర్పాటుచేసి, విద్యార్థుల చేత షేర్లు, ఆప్షన్లు కొనిపించి అమ్మిస్తున్నాయి. ఇది విన్న తల్లిదండ్రులకు సహజంగానే ఒక సందేహం కలుగుతుంది: పిల్లవానికి చదువు చెబుతున్నారా, జూదం నేర్పుతున్నారా? దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పడం సులభమే. కాని ఆ గదిలో ఏం జరుగుతుందో తెలుసుకోకుండా చెప్పే సమాధానానికి విలువ ఉండదు.

ఈ విద్య ఏమిటి?

నిజామాబాద్ ప్రాంతంలో పసుపు పండించే రైతును తీసుకుందాం. పంట చేతికి రావడానికి చాలా నెలలు పడుతుంది. అప్పటి ధర ఇప్పుడు ఆయనకు తెలియదు. పసుపు కొనే మిల్లు యజమానికీ తెలియదు. ఇద్దరికీ భయమే. ఒకరి భయం ధర పడిపోతుందని, మరొకరి భయం పెరిగిపోతుందని. భవిష్యత్తులో అప్పగించవలసిన సరుకుకు ధరను ఇప్పుడే నిర్ణయించుకునే ఒప్పందాన్ని ఫ్యూచర్స్ అంటారు. ఫలానా ధరకు కొనే లేక అమ్మే హక్కును మాత్రమే రుసుము చెల్లించి పొందితే దానిని ఆప్షన్ అంటారు. 1848లో ఏర్పడిన చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ధాన్యపు వ్యాపారుల ఇటువంటి భయాల నుంచే ఎదిగింది. పసుపు ఫ్యూచర్స్‌కు మన నిజామాబాద్ కూడా డెలివరీ కేంద్రంగా ఉంటూ వచ్చింది.

1973వ సంవత్సరం ఈ రంగంలో ఒక మలుపు. ఆ ఏడాది ఏప్రిల్‌లో చికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజి ప్రారంభమైంది. అదే ఏడాది ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఆప్షన్ వెలను లెక్కకట్టే సూత్రాన్ని ప్రచురించారు. నష్టభయాన్ని కొలిచి, ముక్కలు చేసి, ఒకరి నుంచి మరొకరికి బదిలీ చేసే లెక్కలు అప్పటి నుంచి ఒక శాస్త్రంగా పెరిగాయి. దానికే ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ అని పేరు.

కేకల నుంచి తెరల దాకా

పూర్వం ఈ బేరాలన్నీ మనుషులు ఎదురెదురుగా నిలబడి, కేకలతో, చేతి సైగలతో చేసేవారు. కొత్తగా చేరిన కుర్రవాడు పెద్ద వ్యాపారి పక్కన గుమాస్తాగా నిలబడి, చూసి నేర్చుకునేవాడు. ఎవరి గొంతులో తొందర ఉంది, ఎవరు అమ్ముకోలేక సతమతమవుతున్నారు అన్నది ముఖం చూస్తే తెలిసేది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి 1995లో కేకల పద్ధతి వదలి కంప్యూటర్ తెరలకు మారింది. చికాగోలో కూడా 2015 జూలైలో ఫ్యూచర్స్ పిట్లు చాలావరకు మూతపడ్డాయి.

పిట్ పోవడంతో చూసి నేర్చుకునే చోటు కూడా పోయింది. విశ్వవిద్యాలయాల శిక్షణ గదులు ఆ లోటునే పూరిస్తున్నాయి. కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన రాట్‌మన్ విద్యాలయం ఇందుకోసం ఒక కృత్రిమ విపణిని రూపొందించింది. ఇందులో విద్యార్థులు ఒకరితో ఒకరు బేరమాడతారు. ధరను వారి కొనుగోళ్లు, అమ్మకాలే కదిలిస్తాయి. వార్తలు మధ్యమధ్యలో తెరపై ప్రత్యక్షమవుతాయి. ఇదే సాధనంతో టొరంటోలో అంతర్జాతీయ పోటీ కూడా జరుగుతుంది. అందులో పాతకాలపు కేకల బేరాన్ని గుర్తుచేసే అంశమూ చోటు చేసుకోవడం విశేషం.

తరగతి గదిలో ఒక బేరం

ఆ గదిలో ఏం నేర్పుతారో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు మన సౌలభ్యం కోసం వేసుకున్నవి.

తెరపై ఒక షేరు ధర 10 రూపాయలు. ఒక పెద్ద ఖాతాదారు 30,000 షేర్లు ఒక్కసారిగా 9.90కి ఇస్తానంటాడు. నిర్ణయానికి అర నిమిషం గడువు. కొత్త విద్యార్థి వెంటనే లెక్కవేస్తాడు: షేరుకు 10 పైసల లాభం, 30,000 షేర్లకు 3,000 రూపాయలు. ఒప్పుకుంటాడు. తీరా అమ్మబోతే, 10 రూపాయలకు కొనేవారు 5,000 షేర్లకే ఉన్నారు. మరో 5,000కు 9.95 ఇచ్చేవారున్నారు. ఆపైన 10,000కు 9.90, మిగిలిన 10,000కు 9.80. మొత్తం వచ్చినది 2,96,750 రూపాయలు. పెట్టినది 2,97,000. మూడు వేల లాభం అనుకున్నది 250 రూపాయల నష్టంగా తేలింది.

తెరపై కనబడే ధర కొద్దిపాటి సరుకుకే వర్తిస్తుందనీ, పెద్ద మొత్తం దించబోతే ధరే దిగిపోతుందనీ పాఠ్యపుస్తకం ఒక వాక్యంలో చెబుతుంది. ఆ వాక్యం చదివి పరీక్ష రాసినవాడు దానిని మరచిపోవచ్చు. ఆ 250 రూపాయలు పోగొట్టుకున్నవాడు మరచిపోడు.

సూత్రం చెప్పని సంగతి

ఆప్షన్ల పాఠం ఇంకా లోతైనది. ఒక విద్యార్థి 100 షేర్లను 100 రూపాయల చొప్పున కొనే హక్కును వేరొకరికి అమ్మి, 400 రూపాయల రుసుము పుచ్చుకున్నాడనుకుందాం. షేరు ధర కూడా అప్పుడు 100 రూపాయలే. షేరు ఒక రూపాయి పెరిగితే ఆ హక్కు విలువ సుమారు 50 పైసలు పెరుగుతుందని సూత్రం చెబుతుంది. కనుక 50 షేర్లు కొని దగ్గర పెట్టుకుంటే, అటు నష్టం ఇటు లాభంతో సరిపోతుంది. ధర మెల్లగా కదులుతున్నంతసేపూ, షేర్లను ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటూ పోతే లెక్క కుదురుతుంది.

ఇంతలో శిక్షకుడు ఒక వార్త వదులుతాడు. ధర 100 నుంచి ఒక్క గెంతున 112కు చేరుతుంది. సరిదిద్దుకునే సమయమే దొరకదు. చేతిలోని 50 షేర్ల మీద 600 రూపాయల లాభం వచ్చింది. కాని అమ్మిన హక్కు విలువ ఇప్పుడు కనీసం 1,200. తీసుకున్న 400 పోను 800 నష్టం. వెరసి కనీసం 200 రూపాయలు పోయాయి. సూత్రం తప్పు కాదు. ధర గెంతకుండా నడుస్తుందన్న ఊహ మీద అది నిలబడి ఉంది. ఆ ఊహను విపణి మన్నించదు.

ఈ పాఠాన్ని పెద్దలు సైతం ఖరీదుగా నేర్చుకున్నారు. ఆప్షన్ల సిద్ధాంతానికి 1997లో నోబెల్ బహుమతి అందుకున్న షోల్స్, మెర్టన్‌లు భాగస్వాములుగా ఉన్న లాంగ్ టెర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ సంస్థ మరుసటి ఏడాదే పతనమైంది. న్యూయార్కు ఫెడరల్ రిజర్వు చొరవతో 14 బ్యాంకులు, సంస్థలు కలిసి సుమారు 360 కోట్ల డాలర్లు పోసి దానిని ఆదుకోవలసి వచ్చింది. లెక్క తెలియడం వేరు, లెక్కకు గల హద్దు తెలియడం వేరు.

రాసేవాడూ, చూసేవాడూ ఒకడే అయితే

మంచి శిక్షణ గదిలో కొందరు బేరాలు చేస్తే, మరికొందరు ఆ బేరాలను నమోదు చేసి సరిచూస్తారు. ఇంకొకరు నష్టభయపు హద్దును కాపలా కాస్తారు. హద్దు దాటినవాడు లాభంలో ఉన్నా సరే ఆపివేస్తారు. ఇది విద్యార్థులకు విసుగు పుట్టించే భాగం. కాని ముఖ్యమైన భాగం ఇదే.

1995 ఫిబ్రవరిలో కూలిపోయిన బేరింగ్స్ బ్యాంకు కథ దీనికి సాక్ష్యం. సింగపూరులో ఆ బ్యాంకు తరఫున బేరాలు చేసిన నిక్ లీసన్ చేతిలోనే ఆ బేరాల లెక్కలు సరిచూసే పనీ ఉండేది. నష్టాలను ఆయన 88888 అనే ఖాతాలో దాచాడు. అదే ఏడాది జనవరిలో కోబే భూకంపం తర్వాత జపాను విపణి పడిపోవడంతో గుట్టు నిలవలేదు. మొత్తం నష్టం 82 కోట్ల పౌండ్లు దాటింది. రెండు శతాబ్దాలకు పైబడిన బ్యాంకు ఒక్క పౌండుకు అమ్ముడుపోయింది. అక్కడ లోపించినది గణితం కాదు, అమానతు.

ఈ శిక్షణలోని లోపం

ఇంతవరకు మేలు చెప్పుకున్నాం. ఇక కీడును కూడా నిష్పక్షపాతంగా చూడాలి.

కృత్రిమ విపణిలో సొమ్ము ఉత్తది. కనుక భయమూ ఉత్తదే. పైగా మొదటి స్థానం వచ్చినవానికి చప్పట్లు, చివరి స్థానం వచ్చినవానికి పోయేదేమీ లేదు. ఇటువంటి చోట తెగించినవాడే ముందుంటాడు. 64 మంది విద్యార్థులు ఆరుసార్లు, ప్రతిసారీ ఉన్నదంతా ఒడ్డి, ధర పెరుగుతుందో తగ్గుతుందో ఊహించారనుకోండి. విద్య ఏమాత్రం లేకపోయినా, సగటున వారిలో ఒకడు ఆరుసార్లూ నెగ్గుతాడు. అతడిని మేధావి అని గౌరవిస్తే, మిగిలిన 63 మందికీ అతడికీ కూడా తప్పు పాఠం నేర్పినట్లే. అందువల్ల మంచి శిక్షకులు లాభాన్ని బట్టి మాత్రమే మార్కులు వేయరు. బేరానికి ముందు రాసుకున్న కారణం ఏమిటి, హద్దు పాటించాడా, నష్టం వచ్చినప్పుడు ఏం చేశాడు అన్నవి చూస్తారు.

గది వెలుపల పరిస్థితి వేరు. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో మన దేశంలో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తిగత మదుపుదారుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. శిక్షణ గదిలో ఎదుటి పక్షం ఒక సహాధ్యాయి. బయట ఆ పక్షాన ఉన్నది కుటుంబం పొదుపుచేసిన సొమ్ము. తెర మీద మాత్రం రెండూ ఒకే రకం అంకెలుగా కనిపిస్తాయి.

షరీఅత్ దృష్టిలో

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. ఉత్త సొమ్ముతో చేసే అభ్యాసం నిజమైన ఒప్పందం కాదు. మదర్సాలో వారసత్వ విద్య నేర్చేవారు లేని మనిషిని చనిపోయినట్లు ఊహించి, అతని భార్యకు, కుమార్తెలకు, సోదరునికి వాటాలు లెక్కకడతారు. అక్కడ ఎవరూ మరణించలేదు, ఎవరికీ ఆస్తి సంక్రమించలేదు. ఈ అభ్యాసమూ అటువంటిదే. అయితే విద్యార్థులు తలా కొంత అసలు సొమ్ము వేసి, నెగ్గినవాడు అదంతా తీసుకుపోయే ఏర్పాటు చేస్తే మాత్రం, అధికసంఖ్యాక ధర్మవేత్తల దృష్టిలో అది జూదమే అవుతుంది. ఆ హద్దు గుర్తుంచుకోవాలి.

అభ్యాసం వేరు, దానితో చేసే ఉద్యోగం వేరు. ధర్మవిచారణ అవసరమైనది అక్కడే. తన వద్ద లేనిదానిని అమ్మరాదని దైవప్రవక్త (స) హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు బోధించారు. అనిశ్చితితో కూడిన గరర్ బేరాన్ని నిషేధించారు. అయినా మదీనా తోటల యజమానుల అవసరాన్ని త్రోసిపుచ్చలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా తెలిసి ఉండాలన్న షరతుతో, ముందుగా వెల చెల్లించి తర్వాత పంట పుచ్చుకునే సలమ్ ఒప్పందాన్ని అనుమతించారు. మన పసుపు రైతు భయానికి ధర్మశాస్త్రం చూపిన మార్గం ఇది.

నేటి ఎక్స్ఛేంజీల్లో నడిచే ఆప్షన్లు ధర్మసమ్మతం కావని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1992 మే నెలలో జిద్దాలో తీర్మానించింది. కొనుగోలుకు వస్తువైన ఆ హక్కు సొమ్మూ కాదు, ప్రయోజనమూ కాదు, మారకం చేసుకోదగిన ఆర్థిక హక్కూ కాదన్నది దాని కారణం. మరోవైపు మలేషియాలో ముడి పామాయిల్ ఫ్యూచర్స్‌ను అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ షరీఅత్ సలహామండలి అనుమతించింది. ముహమ్మద్ హాషిమ్ కమాలీ వంటి పండితులు ఫ్యూచర్స్, ఆప్షన్ల పట్ల అనుకూల వాదన వినిపించారు. ఈ చర్చలో ఏ పక్షాన నిలబడాలన్నా, ఆ ఒప్పందంలో ఎవరు ఏమి ఇస్తున్నారో, నష్టం ఎవరి మీద పడుతుందో విప్పి చెప్పగలవాడు కావాలి. ఫఖీహ్‌కు ఆ సంగతి విన్నవించగల గణితజ్ఞుడు మనలో లేకపోతే, ఫత్వా పరాయివారి వర్ణన మీద ఆధారపడవలసి వస్తుంది.

కనుక మన పిల్లలు ఆ గదిలోకి వెళ్లడానికి మనం భయపడనవసరం లేదు. కాని ప్రతి బేరానికీ ముందు మూడు ప్రశ్నలు వేసుకునే అలవాటుతో వెళ్లాలి. నేను అమ్ముతున్నది నిజంగా నా వద్ద ఉన్నదా? దీని వెనుక రైతో, మిల్లో, ఎవరిదైనా నిజమైన అవసరం ఉన్నదా? నేను నెగ్గితే ఓడేది ఎవరు? మొదటి ప్రశ్నకు తెరపై సమాధానం దొరకవచ్చు. రెండవదానికి వెతకాలి. మూడవదానికి సమాధానం ఏ తెర మీదా కనిపించదు. దానిని అడిగే మనసును ఇంటి వద్దే తయారుచేసి పంపడం తల్లిదండ్రులుగా, గురువులుగా మన బాధ్యత.