ప్యాకేజీ భాండాగారము - పరీక్షా ఫలితము

నందికొండ వద్ద నిలిచిన కృష్ణానది నీరు గేట్ల గుండా కుడి, ఎడమ కాలువలకు వెడలుచున్నది. పైరు ఎండినప్పుడు రైతు విత్తనమును నిందించుటకు ముందు కాలువకు నీరు వచ్చినదా లేదా యని విచారించును. కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించువారికిని ఇట్టి విచారణ అవసరము. ఈ సంగతి మేము ఆలస్యముగా గ్రహించితిమి.

2025 ఆగస్టులో మా ప్రయోగశాలయందు ఒక విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాము పరీక్షలో తప్పినది. తెలుగు, ఉర్దూ పుస్తకముల పేర్లను స్వీకరించి గ్రంథాలయ పట్టికలో చేర్చు ప్రోగ్రాము అది. అంతకు ముందు ప్రతి రాత్రియు నెగ్గుచునే వచ్చినది. తాను ఒక్క అక్షరమైనను మార్చలేదని ఆ విద్యార్థి చెప్పెను. మేము నమ్మక మార్కులు తగ్గించితిమి.

లినక్సునందు సాఫ్ట్‌వేరు ప్యాకేజీల రూపమున లభించును. ఆ ప్యాకేజీలను భద్రపరచి, అడిగిన యంత్రమునకు అందించునది రిపోజిటరీ, అనగా భాండాగారము. స్వయంచాలిత పరీక్షలో ప్రతి పర్యాయము ఒక కొత్త వాతావరణము ఏర్పడును, భాండాగారము నుండి ప్యాకేజీలు దిగును, ప్రోగ్రాము నడచును, ఫలితము నమోదైన పిమ్మట ఆ వాతావరణము తొలగిపోవును. కావున ఏ భాండాగారము నుండి తెచ్చుకొనవలెనో తెలుపు జాబితాయే పరీక్షకు పునాది.

డెబియన్ లినక్సు జాబితాలోని ప్రతి పంక్తిలో భాండాగారపు చిరునామా, సంచిక పేరు, విభాగము ఉండును. మేము సంచిక పేరు స్థానమున 'స్టేబుల్' అని వ్రాసియుంటిమి. అది ఒక సంచికకు స్థిరమైన పేరు కాదు. ఆనాటికి ఏది స్థిర సంచికయో దానిని సూచించు మాట మాత్రమే. 2023 జూన్ 10 నుండి అది 'బుక్‌వర్మ్' అను 12వ సంచిక. 2025 ఆగస్టు 9న 'ట్రిక్సీ' అను 13వ సంచిక అయినది. దానితో పైథాన్ 3.11 స్థానమున 3.13 వచ్చినది. విద్యార్థి వాడిన 'సిజిఐ' మాడ్యూలు 3.13లో తొలగింపబడినది. మారినది మా జాబితా తెచ్చిన సామగ్రియే గాని విద్యార్థి ప్రోగ్రాము కాదు. మార్కులు తిరిగి ఇచ్చితిమి.

అయితే ఆ పరీక్ష అబద్ధమాడినదా? లేదు. మేమడగని ప్రశ్నకు జవాబు చెప్పినది. 'నేడు చేసిన మార్పు వలన ప్రోగ్రాము చెడినదా?' అనునది ఒక ప్రశ్న. 'కొత్త సంచికపై ఇది నడచునా?' అనునది వేరొక ప్రశ్న. మొదటిదానికి 'బుక్‌వర్మ్' వంటి స్థిరమైన పేరు వ్రాయవలెను. రెండవదానికి వేరొక వాతావరణము నేర్పరచి, దాని ఫలితమును విడిగా చూడవలెను.

పేరు స్థిరపరచినంత మాత్రమున పని ముగియదు. ఒకే సంచికలోనికిని భద్రతా సవరణలు వచ్చుచుండును. ఒకనాటి స్థితి యథాతథముగా కావలెనన్న, తేదీలవారీగా ప్రతులను నిలిపియుంచు డెబియన్ స్నాప్‌షాట్ భాండాగారమును చూపవలెను. పాత సంచికలు చిరునామా మారుట కూడ కలదు. 'స్ట్రెచ్' అను 9వ సంచిక 2023లో పాత సంచికల భాండాగారమునకు తరలింపబడినప్పుడు, పాత చిరునామా వ్రాసియుంచినవారి పరీక్షలు నిలిచిపోయినవి. 2021 డిసెంబరు 31న గడువు తీరిన సెంటాస్ 8 విషయమునను ఇట్లే జరిగినది.

మరియొక హెచ్చరిక. భాండాగారపు సూచికపై సంతకముండును. ప్రతి ప్యాకేజీకి సరిచూచు సంఖ్య యుండును. పరీక్షయే కదాయని సంతకపు తనిఖీని ఆపివేయరాదు. వచ్చిన సరుకు ఎవరిదో తెలియనిచోట ఫలితమునకు విలువ లేదు.

తెలుగు పనికి ఇంకొక మెలకువ కావలెను. కొత్తగా ఏర్పడిన పరీక్షా వాతావరణమున సాధారణముగా తెలుగు ఫాంట్లు ఉండవు. తెరపటములు తీసి సరిచూచునప్పుడు అక్షరముల స్థానమున డబ్బాలు కనబడును. పోతన, వేమన ఫాంట్లు గల ప్యాకేజీ డెబియన్ భాండాగారములోనే కలదు. దానిని జాబితాలో చేర్చిన చాలును.

విద్యార్థులకును, కళాశాల కమిటీ వారికిని మా మనవి యొక్కటే. ప్రయోగశాల రికార్డునందు ప్రతి ఫలితము ప్రక్కన భాండాగారపు చిరునామా, సంచిక పేరు, తేదీ వ్రాయించవలెను. ఆ మూడును ఆనాడు మా యెదుట నున్నచో, నిజము చెప్పిన విద్యార్థిని శంకించి యుండెడివారము కాము.