మక్కా నుండి మదీనాకు ఏ వాహనంలో వెళ్దాం?

ఉమ్రా ప్రయాణం నిశ్చయమైన ఇంట్లో వీసా, విమానం టిక్కెట్టు, హోటలు గురించి వారాల తరబడి చర్చ జరుగుతుంది. మక్కా నుండి మదీనాకు ఎలా వెళ్లాలన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. “అది ట్రావెల్స్ వాళ్లు చూసుకుంటారులే” అని వదిలేస్తారు. మేమూ అలాగే వదిలేశాం.

ఆ ప్రయాణంలో మాతో డెబ్బై రెండేళ్ల మా అమ్మీ ఉంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఉదయం ఎనిమిది గంటలకు వస్తుందన్న బస్సు పదకొండు దాటాక వచ్చింది. అంతసేపూ ఆమె హోటలు కింద, సామాన్ల మధ్య కూర్చునే ఉంది. రౌజాలో నమాజు చేసుకోవడానికి ఆమె పేరిట నుసుక్ యాప్‌లో అనుమతి తీసుకుని ఉన్నాను. మేము మదీనా చేరేసరికి మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. అక్కడున్న మూడు రోజుల్లో మరో సమయం దొరకలేదు. “నసీబులో లేదు బేటా” అన్నది తప్ప అమ్మీ ఒక్క మాట అనలేదు. బస్సు ఆలస్యం ట్రావెల్స్ వారి తప్పే కావచ్చు. కానీ ప్రయాణం చేసే రోజునే అనుమతి తీసుకోవడం నా తప్పు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రెండు పుణ్యక్షేత్రాల మధ్య రోడ్డు మార్గం సుమారు 450 కిలోమీటర్లు. ఒంటెల బిడారులకు పది, పన్నెండు రోజులు పట్టిన దారి ఇది. 1908లో డమాస్కస్ నుండి హిజాజ్ రైలు మదీనా వరకు వచ్చింది. దాని నిర్మాణానికి భారతదేశ ముస్లింలు కూడా విరాళాలు పంపారు. దానిని మక్కా వరకు పొడిగించాలన్న ఆశయం మాత్రం నెరవేరలేదు. సరిగ్గా 110 ఏళ్ల తరువాత, 2018లో హరమైన్ రైలు ఈ రెండు నగరాలనూ కలిపింది. ఈనాడు యాత్రీకుని ముందు నాలుగు మార్గాలున్నాయి.

బస్సు

అన్నిటికంటే చౌక ఇదే. ఉమ్రా ప్యాకేజీల్లో సాధారణంగా బస్సు ఖర్చు కలిసే ఉంటుంది. హోటలు గుమ్మం దగ్గర ఎక్కి, మరో హోటలు గుమ్మం దగ్గర దిగవచ్చు. సామాను గురించి దిగులు లేదు. బృందంతో కలిసి ఉంటారు కనుక భాష రానివారికి ధైర్యంగా ఉంటుంది. ప్రయాణం ఐదారు గంటలు. మధ్యలో భోజనానికి, నమాజుకు ఆపుతారు. అయితే అందరూ వచ్చేవరకు బస్సు కదలదు. బయలుదేరే వేళ మన చేతిలో ఉండదు. చాలాసేపు కూర్చోలేనివారికి, తరచుగా మరుగుదొడ్డికి వెళ్లవలసినవారికి ఇది కష్టం.

రైలు

గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచే ఈ విద్యుత్ రైలు మక్కా, జిద్దా, జిద్దా విమానాశ్రయం, రాబిగ్ సమీపంలోని కింగ్ అబ్దుల్లాహ్ ఎకనామిక్ సిటీ, మదీనా స్టేషన్లను కలుపుతుంది. మక్కా నుండి మదీనాకు సుమారు 2 గంటల 20 నిమిషాలు పడుతుంది. లోపల లేచి నడవవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది, కుదుపులు ఉండవు. వృద్ధులకు ఇంతకంటే సుఖమైన ప్రయాణం లేదు.

అయితే ఈ లెక్కను స్టేషన్ నుండి స్టేషన్‌కు కాక, గది నుండి గదికి వేసుకోవాలి. మక్కా స్టేషన్ రుసైఫా ప్రాంతంలో, హరమ్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. మదీనా స్టేషన్ కూడా మస్జిదె నబవీకి నడిచి వెళ్లే దూరంలో లేదు. రెండు చోట్లా టాక్సీనో, బస్సునో ఎక్కాలి. ముందుగా చేరుకోవలసిన సమయం కూడా కలిపితే నాలుగు గంటలు దాటుతుంది. సామానుకు పరిమితి ఉంది. టిక్కెట్టు ముందే తీసుకోవాలి, రంజాన్‌లోనూ సెలవుల్లోనూ త్వరగా అయిపోతాయి. రైలు ఎవరి కోసమూ ఆగదని వేరే చెప్పనక్కరలేదు.

కారు

నలుగురైదుగురున్న కుటుంబానికి కారు అనుకూలం. అందరి రైలు టిక్కెట్లు, రెండు వైపులా టాక్సీ ఖర్చు కలిపి చూస్తే కారు అద్దెకు పెద్ద తేడా ఉండకపోవచ్చు. ముందే ధర అడిగి పోల్చుకోవాలి. ప్రయాణం నాలుగున్నర నుండి ఐదు గంటలు. పసిపిల్లలు ఏడిస్తే ఆపవచ్చు. డ్రైవరుతో ముందే మాట్లాడుకుంటే, పాత దారిలో బద్ర్ కూడా చూసి వెళ్లవచ్చు. అనుమతి ఉన్న టాక్సీనే ఎక్కండి. హరమ్ దగ్గర చెయ్యి పట్టుకుని పిలిచే ప్రైవేటు వాహనాల జోలికి పోవద్దు. రాత్రంతా తవాఫ్ చేసి అర్ధరాత్రి బయలుదేరడమూ మంచిది కాదు. మీరు నిద్రపోవచ్చు, ఆ తిన్నని ఎడారి రోడ్డు మీద డ్రైవరుకూ కునుకు పట్టవచ్చు.

విమానం

మక్కాలో విమానాశ్రయం లేదు. జిద్దా విమానాశ్రయం సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుండి మదీనాకు విమానం సుమారు గంట. తనిఖీలు, నిరీక్షణ కలిపితే రైలు కంటే ఎక్కువ సమయమే పడుతుంది. విమానం వల్ల అసలు ప్రయోజనం మరొకటి ఉంది. జిద్దాలో దిగి, తిరుగు ప్రయాణం మదీనా నుండి చేసేలా టిక్కెట్టు తీసుకుంటే, మదీనా నుండి మళ్లీ జిద్దాకు రావలసిన శ్రమ తప్పుతుంది.

ఇహ్రామ్ విషయం మరవకండి

మక్కా నుండి మదీనాకు వెళ్లేటప్పుడు ఇహ్రామ్ అవసరం లేదు. మదీనా నుండి ఉమ్రా సంకల్పంతో మక్కాకు వచ్చేవారి మీఖాత్ జుల్‌హులైఫా. ఈనాడు అబ్యార్ అలీ అంటారు. మస్జిదె నబవీకి సుమారు పది కిలోమీటర్ల దూరంలో, మక్కాకు అన్నిటికంటే దూరంగా ఉన్న మీఖాత్ అది. బస్సు, కారు అక్కడ ఆగుతాయి. గుస్ల్ చేసి, ఇహ్రామ్ ధరించి, నమాజు చేసుకుని బయలుదేరవచ్చు.

రైలు అక్కడ ఆగదు. మదీనా వదిలిన కొద్ది నిమిషాలకే మీఖాత్ హద్దు దాటిపోతుంది. కనుక రైలులో వచ్చేవారు గదిలోనే గుస్ల్ చేసి ఇహ్రామ్ ధరించి, రైలు కదిలే సమయానికి నీయత్ చేసుకుని తల్బియా ప్రారంభించాలి. “సీట్లో కుదురుగా కూర్చున్నాక చేసుకుందాంలే” అనుకుంటే హద్దు దాటిపోవచ్చు. అప్పుడు దమ్ బాధ్యత వచ్చిపడుతుంది. సందేహమున్నవారు బయలుదేరకముందే తమ ఉలమాను అడిగి తెలుసుకోవాలి.

నమాజు సంగతి కూడా ముందే ఆలోచించుకోండి. ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండు రకాతులవుతుంది. ఒక నమాజు ముగించి ఎక్కితే, మరో నమాజు వేళకు దిగేలా రైలు సమయాన్ని ఎంచుకోవచ్చు. బస్సులోనైతే ఎక్కడ ఆపుతారో ముందే అడగండి.

“ఇంత లెక్క ఎందుకు, అల్లాహ్ మీద భారం వేసి వెళ్లాలి గాని” అనేవారున్నారు. ఇదే దారిలో క్రీ.శ. 622లో హిజ్రత్ చేసిన దైవప్రవక్త (స) ఎలా బయలుదేరారో చూడండి. మదీనా ఉత్తరాన ఉండగా, శత్రువుల కన్నుగప్పడానికి ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లారు. హజ్రత్ అబూబకర్ (రజి) తో కలిసి అక్కడ మూడు రాత్రులు గడిపారు. ఒంటెలు ముందే సిద్ధమై ఉన్నాయి. దారి బాగా తెలిసిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను, అతను అప్పటికి ముస్లిం కాకపోయినా, మార్గదర్శిగా కుదుర్చుకున్నారు. ఆయన తవక్కుల్‌కు మించిన తవక్కుల్ ఎవరిది? ఆయన ఏర్పాట్లకు మించిన ఏర్పాట్లు ఎవరివి?

కనుక ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి. వృద్ధులు, రోగులు ఉంటే రైలు. పసిపిల్లలతో నిండిన కుటుంబమైతే కారు. ఆరోగ్యవంతులై, ఖర్చు చూసుకోవలసినవారైతే, బృందం తోడు కావాలనుకుంటే బస్సు. బస్సులో పొదుపు చేసిన డబ్బుతో మదీనాలో మరో రోజు ఉండగలిగితే అదీ భాగ్యమే. ఏ వాహనమైనా సరే, రౌజా అనుమతి మాత్రం చేరిన మరునాటికి తీసుకోండి.

ఈ శీతాకాలం మా చెల్లెలు, బావగారు ఉమ్రాకు వెళ్తున్నారు. అమ్మీ కూడా వెళ్తోంది. హైదరాబాదు నుండి జిద్దాలో దిగి, విమానాశ్రయం నుండే రైలులో ముందుగా మదీనా చేరతారు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, కారులో అబ్యార్ అలీ వద్ద ఆగి, ఇహ్రామ్‌తో మక్కా వెళ్తారు. రౌజా అనుమతి మూడో రోజుకు తీసుకుంటామన్నాను. అమ్మీ కాసేపు ఆలోచించి, “ఆ రోజు నన్ను ఎక్కడికీ తిప్పకండి, మస్జిద్‌లోనే కూర్చుంటాను” అంది.

అల్లాహ్ ఆమె కోరికను నెరవేర్చుగాక! ఆ దారిన నడవాలని ఆశపడే ప్రతి ఇంటికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.