వింటర్ బూట్ల మీద తెల్ల గీతలు: ఉప్పు వదిలించి లెదర్‌ను కాపాడుకోవడం ఎలా?

డెట్రాయిట్, చికాగో, టొరంటో వైపు ఎంఎస్‌కి వెళ్లిన మనవాళ్లకి డిసెంబర్‌లో ఎదురయ్యేదే ఇది. లెదర్ బూట్లు కొని రెండు వారాలు కూడా కాదు, మడమ చుట్టూ, వేళ్ల దగ్గర అలల్లా తెల్లటి గీతలు వచ్చేస్తాయి. చాలామంది మంచు మరకలు అనుకుంటారు కానీ అది ఉప్పు. మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద చల్లే రాక్ సాల్ట్. మన వంటింటి ఉప్పులో ఉండే సోడియం క్లోరైడే. మైనస్ 9 డిగ్రీల కిందకి వెళ్తే అది పెద్దగా పనిచేయదు కాబట్టి, చలి ముదిరితే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా వాడతారు. బూట్లకి ఇవి ఇంకా తలనొప్పి. గాలిలోని తేమని లాక్కుంటాయి, అందుకే రాత్రి ఆరిన బూటు పొద్దున మళ్లీ చెమ్మగా తగులుతుంది.

లెదర్ అంటే కొల్లాజెన్ పోగుల అల్లిక. ఆ పోగుల మధ్య నూనె ఉన్నంతకాలం అది మెత్తగా వంగుతుంది. ఉప్పునీరు లోపలికి ఇంకి, నీరు ఆవిరైపోతే ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. తడవడం, ఆరడం ఇలా పదిసార్లు జరిగితే నూనె తగ్గిపోయి లెదర్ గట్టిపడుతుంది. అడుగు వేసినప్పుడు వంగే చోట చీలిక వస్తుంది. ఫోన్ స్క్రీన్ పగిలితే మార్పించుకోవచ్చు, బూటు అరిగితే సోల్ కూడా వేయించుకోవచ్చు. పైన లెదర్ చీలితే మాత్రం ఆ జత పని అయిపోయినట్టే.

"నాది వాటర్‌ప్రూఫ్ బూటే కదా" అంటారా? ఐపీ68 ఫోన్‌ని కంపెనీలు మంచినీళ్లలో టెస్ట్ చేసి, సముద్రంలో ముంచొద్దని చెప్తాయి చూడండి, ఇదీ అంతే. గోర్‌టెక్స్ లాంటి పొర ఉండేది లోపలివైపు. మీ సాక్స్ తడవకుండా చూడటమే దాని పని. బయటి లెదర్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక క్లీనింగ్. ఇంటికి రాగానే తడిగుడ్డతో ఒకసారి తుడవండి, వారానికోసారి పెద్ద సర్వీస్ కంటే రోజూ ఈ ఒక్క నిమిషమే ఎక్కువ పనిచేస్తుంది. గీతలు అప్పటికే పడి ఉంటే వైట్ వెనిగర్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి, ముందు కనపడని మూల టెస్ట్ చేసి, గుడ్డతో తుడవండి. గీత ఉన్నచోటే రుద్దకండి, బూటు మొత్తం సమానంగా తడపాలి. లేకపోతే తడికీ పొడికీ మధ్య ఇంకో కొత్త గీత తయారవుతుంది. చివర్లో మామూలు నీళ్ల గుడ్డతో వెనిగర్‌ని కూడా తీసేయండి.

అసలు బూట్లు ఎక్కువగా పాడయ్యేది ఆరబెట్టేటప్పుడే. అపార్ట్‌మెంట్ హీటర్ పక్కన పెట్టడం, హెయిర్ డ్రయర్ కొట్టడం, కార్‌లో ఫుట్ హీట్ ఫుల్‌గా పెట్టి ముందు ఉంచడం, ఏదీ వద్దు. తడి లెదర్ పొడి లెదర్ కంటే తక్కువ వేడికే ముడుచుకుపోతుంది, సోల్ అంటించిన జిగురూ మెత్తబడుతుంది. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి, గది మధ్యలో వదిలేయండి. పేపర్ తడిస్తే మార్చండి. గాడ్జెట్ లేనిదే నిద్రపట్టనివాళ్లకి ఎలక్ట్రిక్ బూట్ డ్రయర్లు ఉన్నాయి. గోరువెచ్చటి గాలితో నెమ్మదిగా ఆరబెట్టే మోడల్ అయితే ఓకే, వేడి గాలి దబాయించి కొట్టేది వద్దు.

పూర్తిగా ఆరాకే కండిషనర్. బిక్ 4 లాంటివి రంగు పెద్దగా మార్చవు, మింక్ ఆయిల్ మాత్రం లెదర్‌ని ముదురు చేస్తుంది. లేత రంగు బూట్లయితే ఆలోచించుకోండి. కొంచెం తీసుకుని పల్చగా రాయండి, ఎక్కువైతే లెదర్ సాగిపోతుంది. దాని మీద స్నో సీల్ లాంటి తేనెమైనం పూత వేస్తే నీళ్లు పైనుంచే జారిపోతాయి. మామూలు షూ పాలిష్ మెరుపుకోసమే, దాన్ని రక్షణ అనుకోవద్దు. సూట్‌కేస్‌లో అమ్మ పెట్టిన కొబ్బరినూనె జోలికీ వెళ్లొద్దు. అది దాదాపు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. బయట మైనస్‌లో మీ బూటు మీద ఇంకో తెల్ల పొర వస్తుంది!

పైన చెప్పిందంతా నున్నటి లెదర్‌కి. చాలామంది కొనే పసుపు టింబర్‌లాండ్ నూబక్, అంటే పైన సన్నటి నూగు ఉండే రకం. దానికి మైనం, నూనె రాస్తే నూగు అణిగిపోయి నల్లబడుతుంది. ఆరాక స్వెడ్ బ్రష్‌తో దులిపి, నూబక్ కోసమే అమ్మే వాటర్ రిపెల్లెంట్ స్ప్రే కొట్టండి.

కండిషనింగ్ సీజన్‌కి రెండు మూడుసార్లు చాలు. నవంబర్‌లో మొదటి మంచుకి ముందు ఒకసారి తప్పనిసరి. ఏప్రిల్‌లో అల్మరాలో పెట్టేముందు ఉప్పు పూర్తిగా తీసేసి ఇంకోసారి రాయండి, ప్లాస్టిక్ కవర్‌లో మాత్రం చుట్టకండి, బూజు పడుతుంది.