వన్యప్రాణుల్లో ఒత్తిడి హార్మోను: వ్యక్తిగత స్థిరత్వం – ఒక వివరణ

1. ఉపోద్ఘాతం

2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివారులోని దివాన్‌చెరువు అటవీప్రాంతంలో కనిపించిన చిరుత కొద్దిరోజులకే కడియం నర్సరీల వైపు సాగింది. కోనసీమకు శిరోభాగాన ఉన్న ఆత్రేయపురానికి అది గౌతమికి ఆవలి ఒడ్డు వార్త. అటవీశాఖ ట్రాప్ కెమెరాలు, బోనులు అమర్చింది. ఇటువంటి సందర్భాల్లో జనం భయం చర్చకు వచ్చినంతగా జంతువు స్థితి రాదు. వరిచేలూ తోటలూ ఇళ్లూ ఒకదానినొకటి ఒరుసుకొని ఉండే డెల్టాలో అడవి తప్పిన ప్రాణి ఎంతటి ఒత్తిడికి లోనవుతుంది? దీనిని కొలవడానికి శాస్త్రజ్ఞులు ఆశ్రయించే ప్రధాన సాధనం హార్మోను. అయితే ఆ కొలతలో వచ్చిన అంకె ఆనాటి పరిస్థితికి చెందినదా, లేక ఆ ప్రాణి స్వభావానికి చెందినదా అన్న ప్రశ్నను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. హార్మోను – కొలత

ప్రమాదాన్ని గుర్తించిన మెదడులోని హైపోథలామస్ పీయూషగ్రంథిని ప్రేరేపిస్తుంది. దాని సంకేతంతో మూత్రపిండాలపైన ఉండే అధివృక్క గ్రంథులు గ్లూకోకార్టికాయిడ్లను విడుదల చేస్తాయి. చిరుత, ఏనుగు వంటి పెద్ద క్షీరదాల్లో అది ప్రధానంగా కార్టిసోల్. పక్షుల్లో, సరీసృపాల్లో కార్టికోస్టెరోన్. నిల్వ ఉన్న శక్తిని తక్షణావసరానికి మళ్లించడం వీటి పని. కనుక వీటిని కేవలం 'బాధకు గుర్తు'గా భావించడం పొరపాటు. గర్భధారణ, ఋతువు, ఆహారలభ్యత కూడా వీటి స్థాయిని మారుస్తాయి. ముదుమలై, బందీపూర్ ఏనుగులపై భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో శరీరం చిక్కిన ఏనుగుల పేడలో ఈ హార్మోను అవశేషాలు ఎక్కువగా కనిపించాయి.

రక్తనమూనాతో ఒక చిక్కుంది. పట్టుకోవడమే జంతువుకు పెద్ద ఒత్తిడి; సుమారు మూడు నిమిషాలు దాటితే రక్తంలోని అంకెలో ఆ పట్టివేత ప్రభావం కూడా చేరుతుంది. అందుకే హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాకోన్స్ వంటి ప్రయోగశాలలు మలాన్ని పరీక్షిస్తాయి. అక్కడి శాస్త్రజ్ఞులు కన్హా, బాంధవ్‌గఢ్ పులులపై చేసిన అధ్యయనం (2019) పర్యాటకుల రాకపోకలున్న కాలంలో ఈ స్థాయిలు పెరుగుతున్నట్లు చూపింది. రక్తం ఒక క్షణాన్ని చూపిస్తే, మలం కొన్ని గంటల సగటును, వెంట్రుక వారాలు, నెలల సగటును చూపిస్తాయి.

3. వ్యక్తిగత స్థిరత్వం

ఒకే జంతువు నుంచి వేర్వేరు సమయాల్లో పలు నమూనాలు తీసుకొంటే కొలతల్లోని తేడా రెండు భాగాలుగా విడిపోతుంది: జంతువుకూ జంతువుకూ మధ్య ఉన్న తేడా, ఒకే జంతువులో కాలాన్నిబట్టి వచ్చే తేడా. మొత్తం తేడాలో మొదటి భాగం ఎంత అన్న నిష్పత్తే స్థిరత్వానికి కొలమానం. జంతువుల మధ్య తేడా 3 పాళ్లు, ఒక్కో జంతువులోని తేడా 7 పాళ్లు అయితే నిష్పత్తి 0.3. అది 1కి చేరువైతే ఆ హార్మోను స్థాయి దాదాపు ఆ ప్రాణి సొంత లక్షణమే. సున్నాకు చేరువైతే దానిలో వ్యక్తి ముద్ర లేదన్నమాట.

సకశేరుకాలపై వెలువడిన అధ్యయనాలను క్రోడీకరించి షోనెమన్, బోనియర్ 2018లో ప్రకటించిన సగటు సుమారు 0.29. అదే ఏడాది వెలువడిన మరొక సమీక్ష, ప్రశాంతస్థితిలోని స్థాయికంటే ఒత్తిడికి గురైనప్పుడు చేరే స్థాయిలోనే ఈ స్థిరత్వం ఎక్కువని తేల్చింది. అంటే ప్రాణి తనదనాన్ని నిలకడగా ఉన్నప్పటికంటే బెదిరినప్పుడే ఎక్కువగా చూపుతుందన్నమాట.

ఇక్కడ భాషాపరమైన ఒక విషయం ప్రస్తావించదగినది. తెలుగు వ్యాకరణం పశుపక్ష్యాదులను జడపదార్థాలతోపాటు అమహద్వాచకాలలో చేర్చింది. చిరుతా 'అది'యే, బండరాయీ 'అది'యే. 'వ్యక్తి' అనగానే మనిషే స్ఫురిస్తాడు. 'వ్యక్తిగత స్థిరత్వం' అన్న పారిభాషికపదాన్ని జంతువుకు అన్వయించినప్పుడు కలిగే ఇబ్బందికి మూలం ఇదే. అయినా మరో పదం వెతకడంకన్నా 'వ్యక్తి' పరిధిని విస్తరించడమే మేలు. శాస్త్రం ఇక్కడ చెబుతున్నది సరిగ్గా ఆ విషయమే.

4. అన్వయం

0.29 అన్న అంకెకు రెండు ముఖాలున్నాయి. జంతువుల మధ్య నిజమైన భేదం ఉంది. కానీ అంతకు రెట్టింపుకు మించిన తేడా ఒక్కో జంతువులోనే, సమయాన్నిబట్టి, కొలత పద్ధతినిబట్టి వస్తోంది. కాబట్టి తోటలో దొరికిన ఒక్క మలనమూనాను చూసి 'ఈ చిరుత తీవ్ర ఒత్తిడిలో ఉంది, తరలించాలి' అనడం గానీ, 'ఇది ఇక్కడ అలవాటుపడింది' అనడం గానీ చెల్లదు. సహజంగానే ఎక్కువ స్థాయి గల ప్రాణిని బాధితగా, తక్కువ స్థాయి గలదాన్ని క్షేమంగా ఉన్నట్లుగా పొరబడే ప్రమాదం ఉంది. తరలింపే స్వయంగా ఒత్తిడి కలిగించే చర్య గనుక ఈ పొరపాటు భారం జంతువుపైనే పడుతుంది.

మరొక లోపం మరింత తేలికగా దొర్లుతుంది. ఒకే చోట దొరికిన పది నమూనాలు ఒకే జంతువువి కావచ్చు. వాటిని పది జంతువులుగా లెక్కిస్తే ఒక్కదాని స్వభావం ఆ ప్రాంతం లక్షణంగా నమోదవుతుంది. మలంలోని డీఎన్‌ఏతో ప్రాణిని గుర్తించి, ఆపైన హార్మోనును పరీక్షించడమే దీనికి మార్గం. తేమ, వేడి ఎక్కువగా ఉండే గోదావరి డెల్టాలో ఇది మరీ కష్టం. సూక్ష్మజీవులు హార్మోను అవశేషాలను త్వరగా మార్చివేస్తాయి, వాన వాటిని పలుచన చేస్తుంది. కోరింగ మడఅడవుల్లోని నీటిపిల్లి విషయంలో ఆటుపోట్లు దీనికి తోడవుతాయి. అక్కడ తాజా నమూనా దొరకాలంటే పోటు మళ్లీ ఎక్కేలోపే గట్టు చేరుకోవాలి.