విరిగిన వంతెనకు విజయము

అమెరికాలో విద్యార్థులకు జరుగు ‘సైన్స్ ఒలింపియాడ్’ పోటీలలో కొన్ని సంవత్సరములు కొయ్యవంతెనల పరీక్ష ఉండును. ఒక జట్టులో 15 మంది వరకు ఉన్నను, ఈ పరీక్షకు ఇద్దరికి మించి రారాదు. సన్నని పుల్లలను జిగురుతో అతికించి వంతెన కట్టుదురు. దానికి బాల్చీ వ్రేలాడదీసి, ఇసుకను కొంచెము కొంచెముగా పోయుదురు. కంటికి రక్షణ అద్దములు లేనివారిని పరీక్షకు అనుమతింపరు. లెక్కకు వచ్చు గరిష్ఠభారము 15 కిలోగ్రాములు.

ఏటేట నిబంధనలు కొంత మారినను మూలసూత్రము ఒకటే: మోసిన భారమును వంతెన బరువుచే భాగింపవలెను. 15 గ్రాముల వంతెన విరుగక 15 కిలోగ్రాములు మోసినచో ఫలితము 1000. 8 గ్రాముల వంతెన 10 కిలోగ్రాముల వద్ద విరిగినను ఫలితము 1250; గెలుపు దానిదే! ఇచ్చట విరుగుట దోషము కాదు. అనవసరముగా కొయ్యను వాడుటయే నష్టము.

మరి కొయ్యను ఎచ్చట తగ్గింపవచ్చును? లాగబడు పుల్ల సన్ననిదైనను నిలుచును. నొక్కబడు పొడవైన పుల్ల మాత్రము నలుగకముందే ప్రక్కకు వంగిపోవును. పొడవు రెట్టింపైనచో, దానిని వంచుటకు నాల్గవవంతు భారమే చాలును. అందుచేత అట్టి పుల్లలకు నడుమ ఆనికలు అమర్చి, త్రిభుజములుగా విభజింతురు.

వెదురుపుల్లలు, జిగురు, ఇసుక, త్రాసు ఉన్నచో ఏ పాఠశాలలోనైనను దీనిని చేయవచ్చును. విరిగిన పిదప ఉపాధ్యాయులు విద్యార్థులను అడుగవలసిన ప్రశ్నలు మూడు: పుల్ల తెగినదా? వంగినదా? అతుకు ఊడినదా? తరువాతి వంతెనకు ఆ జవాబే పునాది.