సభ ఒకచోట, సభ్యులు పదిచోట్ల

వ్యాపార సంస్థల సమావేశమంటే ఒకప్పుడు రైలు ప్రయాణం, హోటలు గది, హాలులో వరుస కుర్చీలు, మధ్యాహ్నం విందు. 2020లో కరోనా వ్యాధి వచ్చి ఈ పద్ధతిని ఒక్కసారిగా మార్చివేసింది. వ్యాధి భయం తగ్గిన తరువాత కూడా పాత పద్ధతి పూర్తిగా తిరిగి రాలేదు. కొందరు హాలుకు వస్తున్నారు, మరికొందరు తమ ఊళ్ళనుంచే కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో హాజరవుతున్నారు. అందరూ దూరంనుంచే పాల్గొంటే వర్చువల్ సభ అనీ, కొందరు ఇక్కడ కొందరు అక్కడ అయితే హైబ్రిడ్ సభ అనీ వాడుక. మన పాఠకులలో వ్యాపారులు, ఏజెంట్లు, గుమాస్తాలు, మేనేజర్లు చాలామంది ఉన్నారు. ఇటువంటి సభను జరిపించే బాధ్యత ఎవరిమీదనైనా పడవచ్చు గనుక, దానిని ఏ తీరున నడిపితే రక్తి కడుతుందో నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముఖం చూసుకుంటూ దూరంనుంచి మాట్లాడుకోవడం నిన్న మొన్నటి ఊహ కాదు. 1964లోనే న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో అమెరికా టెలిఫోను కంపెనీ ఏ.టి. అండ్ టి. వారు పిక్చర్‌ఫోను అనే యంత్రాన్ని చూపించారు. ఖర్చు ఎక్కువై అది జనంలో నిలవలేదు. మన దేశంలో కంపెనీల సభలకు ఈ పద్ధతి విస్తారంగా వచ్చింది 2020లోనే. ఆ సంవత్సరం ఏప్రిల్ 8న, మే 5న కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సర్క్యులర్లు ఇచ్చి, వాటాదారుల సభలను వీడియో ద్వారా జరపడానికి వీలు కల్పించింది. జూలై 15న రిలయన్స్ కంపెనీ తన వార్షిక సభను ఆ విధంగానే జరిపింది.

ఆ ఏప్రిల్ సర్క్యులరులో గమనించదగిన నిబంధనలు ఉన్నాయి. సభ ప్రారంభానికి కనీసం 15 నిమిషాల ముందే చేరడానికి దారి తెరవాలి. ప్రారంభమైన తరువాత మరో 15 నిమిషాలు దానిని మూయకూడదు. వాటాదారులు సభలోనే ప్రశ్నలు అడగడానికో, ముందుగా ఈమెయిలులో పంపడానికో అవకాశం ఉండాలి. దూరాన ఉన్నవాడికి సభను చూపిస్తే చాలదనీ, అతడు అడగగలగాలనీ దీని భావం. వంద వాటాలున్న చిన్న మనిషి ఏడాదికి ఒక్కసారి యాజమాన్యాన్ని ప్రశ్నించగలిగేది ఆ సభలోనే గదా!

ఇతర సమావేశాలకు ఈ చట్టం వర్తించదు. అయినా ఈ న్యాయం వర్తిస్తుంది. నేను ఎరిగిన ఒక కంపెనీ బెంగుళూరులో డీలర్ల సమావేశం పెట్టింది. ఊరిలోనివారు హాలుకు వచ్చారు. బళ్ళారి, రాయచూరు, కోలారు వైపు వారు ఫోనులో చేరారు. రెండు గంటలసేపు ఉపన్యాసాలు. ప్రశ్నల సమయం వచ్చేసరికి మైకు హాలులోనే తిరిగింది. దూరాన ఉన్న డీలరు ఒకరు అమ్ముడుపోని సరుకు వాపసు సంగతి వ్రాసి పంపారు. భోజనాల వేళ అయిందని దానిని ఎవరూ చదవలేదు. ఆయన ఆ సీజనుకు ఆర్డరు తగ్గించుకున్నారు. హాలుకూ విందుకూ అయిన ఖర్చు లెక్కలో కనిపించింది, ఈ నష్టం ఏ పద్దులోనూ పడలేదు.

కనుక యంత్రం సంగతి తరువాత, ముందు సభ ఎందుకో తేల్చుకోవాలి. కొత్త ధరలు, కొత్త నిబంధనలు తెలియజేయడమే పని అయితే దానికి సభ అక్కరలేదు. పది నిమిషాల వీడియో తీసి ముందురోజే పంపి, సభను ప్రశ్నలకే ఉంచుకోవడం మేలు. ఏదైనా నేర్పాలంటే అరగంట చెప్పి, పావుగంట చేయించి చూడాలి. అందుకు అందరూ దూరంనుంచే రావడం సులువు, అందరి ముందూ ఒకే తెర ఉంటుంది. తగవు తేల్చాలన్నా, బేరం కుదర్చాలన్నా, కొత్త పరిచయాలు పెంచాలన్నా మనుషులు ఒకచోట కలవడమే మంచిది. కాఫీ చేతిలో పట్టుకుని నిలబడి మాట్లాడుకునే మాట తెరమీద పుట్టదు. ఈ రెండు పనులూ ఒకే సభలో జరగవలసి వచ్చినప్పుడే హైబ్రిడ్ పద్ధతి. అన్నిటిలో కష్టమైనది ఇదే.

కష్టం ఎక్కడంటే, హాలులో ఉన్నవాడికి పక్కవాడి నవ్వు వినిపిస్తుంది, అధ్యక్షుని చూపు తగులుతుంది. ఇంటిలో ఉన్నవాడికి ఆ రెండూ లేవు. పైగా తెర చూడడమే ఒక శ్రమ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని జెరెమీ బెయిలెన్‌సన్ అనే ఆచార్యుడు 2021లో ఈ అలసటకు నాలుగు కారణాలు చెప్పాడు: ముఖాలు మరీ దగ్గరగా కళ్ళలోకి చూస్తున్నట్లుండడం, మన ముఖం మనకే కనిపిస్తూండడం, కదలకుండా కూర్చోవడం, తల ఊపడం వంటి సైగలను ప్రయత్నపూర్వకంగా చేయవలసి రావడం. కాబట్టి గంటకొకసారి పది నిమిషాలు విడుపు ఇవ్వాలి. కెమెరా ఎల్లప్పుడూ తెరచి ఉంచమని పట్టుపట్టకూడదు.

ఇక రక్తి కట్టించే ఉపాయం. ఇది మన ఇంటిలోనే ఉన్నది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. వారెవరో ముందే నిర్ణయమై ఉంటుంది. వంతుల వారీగా అడుగుతారు. మధ్యమధ్య అప్రస్తుత ప్రసంగి ఒక చమత్కారం విసురుతాడు. అందుకే అంతసేపైనా సభ నిద్రపోదు. బుర్రకథలో కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. ఇరువైపులా వంతలు ఉండి ప్రశ్నిస్తారు, నవ్విస్తారు. ఒక్కరి ఉపన్యాసం కంటే ఇద్దరి సంభాషణ ఎక్కువసేపు నిలుస్తుందని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు.

ఈ రెండింటినీ డీలర్ల సభకు అన్వయించి చూడండి. మేనేజరును ఒంటరిగా గంటసేపు మాట్లాడనివ్వక, పక్కన ప్రశ్నించే మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలి. ఎనిమిదిమందిని ముందే ఎంచి, వారిలో సగంమంది దూరపు ఊళ్ళవారై ఉండేటట్లు చూడాలి. మొదటి ప్రశ్న దూరాన ఉన్నవారిదే కావాలి. హాలులోనివారు ఎలాగూ చెయ్యెత్తుతారు. దూరపువారి తరఫున హాలులో ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించాలి. ఆయన పని వచ్చిన ప్రశ్నలను బిగ్గరగా చదవడం, జవాబు వచ్చేవరకు కూర్చోకపోవడం. ఆయనకు వేరే పని అప్పగించకూడదు.

మనవంటి ఊళ్ళలో భాష సంగతి కూడా ఉన్నది. తెరమీద ఇంగ్లీషు, వేదికమీద కన్నడం, వినేవారిలో తెలుగువారు, తమిళులు. పైన చెప్పిన మనిషి రెండు మూడు భాషలు వచ్చినవాడైతే, ఎవరి భాషలో వారు అడగవచ్చునని మొదటే ప్రకటించవచ్చు. ఇంగ్లీషు రాదని నోరు మూసుకున్న డీలరు అప్పుడు నోరు తెరుస్తాడు.

ఏర్పాట్లలో మొదటి ఖర్చు మైకుమీద పెట్టండి. బొమ్మ కాస్త మసకైనా సహించవచ్చు, మాట వినపడకపోతే చెవిటివాని ముందు శంఖం ఊదినట్లే. హాలులో అడిగిన ప్రతి ప్రశ్నా మైకులోనే అడగాలి, లేదా అధ్యక్షుడు తిరిగి చెప్పాలి. కరెంటు పోతే, ఇంటర్నెట్టు ఆగితే ఏం చెయ్యాలో ముందే వ్రాసి పెట్టుకోవాలి. చిన్న సంస్థలవారు జూమ్ ఉచిత పద్ధతిలో సభ పెడితే అది 40 నిమిషాలకు ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి. వందమందికి మించి చేరలేరు కూడా. సభ అయిన మర్నాడు, ఎవరు ఏమి అడిగారు, ఏమి జవాబు చెప్పారు అన్నది ఒక కాగితంమీద అందరికీ పంపాలి.

ఎంతమంది చేరారన్న లెక్కతో సభ గొప్పదనాన్ని కొలవకండి. దూరాన ఉన్నవారిలో ఎంతమంది అడిగారు, ఎన్నిటికి జవాబు దొరికింది అని లెక్క తీయండి. తరువాతి సభ ఏ తీరున పెట్టాలో ఆ లెక్కే చెబుతుంది.